రాయని గడిలో ఏముంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, మాకు చదువు చెప్పిన గురువులకు, ఇప్పుడు మన బడిలో పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయులకు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి ముందు వరుస కుర్చీల కోసం పోటీ పడుతున్న నా తోటి విద్యార్థులకు నమస్కారం. మనం చదువుకునే రోజుల్లో ఈ పోటీ వెనక బెంచీ కోసం ఉండేది.

"నువ్వు చేసే పని ఏందో మాకెవరికీ తెలీదప్పా, అదే చెప్పు" అని కార్యదర్శి గారు ఫోన్‌లో ఆజ్ఞాపించారు. నా పని కరెంటు లైన్ల లెక్కలు. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ లెక్కలకు కావలసిన వివరాలు కంప్యూటర్ ఫైల్లో ఏ వరుసలో, ఏ గడిలో, ఎలా రాయాలన్నది. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. చాలావరకు గుమాస్తా పనే. అయితే గుమాస్తా రాయకుండా వదిలేసిన గడిని చదివేవాడు తనకు తోచినట్టు అర్థం చేసుకుంటే ఏమవుతుందో ఈ పూట చెబుదామని వచ్చాను.

మన ఊరి నుంచే మొదలుపెడతాను. కొండెక్కి చుట్టూ చూస్తే ఇప్పుడు కనపడేది మనం చిన్నప్పుడు చూసిన బయలు కాదు. వజ్రకరూరు వైపు, నింబగల్లు వైపు గాలిమరలు. మన పల్లెల్లో ఫ్యాన్లంటారు. అనంతపురం జిల్లాకు ఇవి కొత్త కాదు. రామగిరి, కడవకల్లు కొండల మీద 1990ల్లోనే తిరిగాయి. కొత్తది వాటి లెక్క, ఎత్తు. ఒక్కో మర లోపల సాధారణంగా 690 వోల్టుల దగ్గర పుట్టిన కరెంటు పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్‌లో 33 కేవీకి ఎక్కుతుంది. పదుల కొద్దీ మరల కరెంటు ఒకచోట చేరి 220 కేవీకి ఎక్కుతుంది. అక్కడి నుంచి మన ఉరవకొండ 400 కేవీ సబ్‌స్టేషన్‌కు వస్తుంది. అక్కడి నుంచి పెద్ద లైన్లు బయల్దేరతాయి. ఇటు పెన్నహోబిలం దగ్గర చిన్న జలవిద్యుత్ కేంద్రం ఉంది. అటు హంద్రీ-నీవా నీళ్ళు ఎత్తే రాగులపాడు పంపులున్నాయి; అవి కరెంటు తాగే పెద్ద నోళ్ళు. మధ్యలో మన బోర్లు, మగ్గాలు, బజారు, బడి.

ఇంత వలలో రేపు మధ్యాహ్నం ఫలానా లైన్ తెగితే మిగతా లైన్ల మీద ఎంత బరువు పడుతుంది? గాలి ఒక్కసారిగా లేస్తే ఉరవకొండలో వోల్టేజీ ఎంత పెరుగుతుంది? కొత్తగా ఇంకో వంద మరలు పెడితే ఈ తీగలు మోస్తాయా? ఇవి నిజంగా తీగ తెంపి చూసే ప్రశ్నలు కావు. లెక్క కట్టి చూడాలి. ఆ లెక్కను లోడ్ ఫ్లో అంటారు.

లెక్కకు ముందు ఒక పెద్ద పట్టిక కావాలి. ప్రతి సబ్‌స్టేషన్‌కూ అడ్డంగా ఒక వరుస, నిలువుగా ఒక వరుస. మా భాషలో సబ్‌స్టేషన్‌లోని కలిసే చోటును బస్ అంటారు. ఆర్టీసీకి దీనికి సంబంధం లేదు. రెండు బస్‌ల మధ్య నేరుగా లైన్ ఉంటే, ఆ రెండూ కలిసే గడిలో ఒక అంకె పడుతుంది. ఆ దారిన కరెంటు ఎంత సులువుగా పోతుందో చెప్పే అంకె అది. నేరుగా లైన్ లేకపోతే సున్నా. ఉరవకొండ బస్‌కు నేరుగా తగిలిన ఊళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. శ్రీకాకుళం దాకా ఉన్న మిగతా బస్‌లన్నిటికీ ఉరవకొండ వరుసలో సున్నాయే. అంటే పట్టికంతా దాదాపు ఖాళీ.

ఎంత ఖాళీయో ఒక లెక్క చెబుతాను. ప్రపంచమంతా ఇంజనీరింగ్ పిల్లలు మొట్టమొదట కట్టే లెక్క ఒకటుంది. అమెరికాలో 1962 ఫిబ్రవరి నాటి ఒక వలలోంచి కోసుకున్న 14 బస్‌ల ముక్క అది. లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కలిపి 20. పట్టికలో 14 సార్లు 14, 196 గడులు. అంకె పడేవి 54, సున్నాలు 142. దాని అన్న 118 బస్‌ల లెక్క. అందులో 13,924 గడులుంటే నిండేవి 476 మాత్రమే, నూటికి మూడున్నర కూడా లేదు. ఎందుకంటే వల ఎంత పెరిగినా ఒక్కో బస్‌కు ఇరుగుపొరుగు సగటున మూడు దగ్గరే ఉంటుంది. ఆ లెక్కన పదివేల బస్‌ల పట్టికలో పది కోట్ల గడులుంటే నిండేవి నలభై వేలు. వాన తప్పిన ఏడు శనక్కాయ చేను ఎలా మొలుస్తుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడొక మొలక, అక్కడొక మొలక. ఈ పట్టికలను నేను పలచని పట్టికలంటాను.

పలచనితనాన్ని లాభంగా మార్చుకోవచ్చని గట్టిగా చూపినవాడు విలియం టిన్నీ. అమెరికా పోర్ట్‌లాండ్‌లో బోన్‌విల్ పవర్ అడ్మినిస్ట్రేషన్ ఇంజనీరు. సున్నాలను దాచుకోవద్దు, వాటితో గుణకారాలు చేయొద్దు, నిండిన గడులతోనే పని జరపండి అని 1967లో తన సహచరులతో రాసిన వ్యాసాల్లో దారి చూపాడు. అందులో ఒక కిటుకు ఉంది. సమీకరణాలు విప్పేటప్పుడు ఒక్కో బస్‌ను తొలగిస్తూ పోతాం. ఒక కూడలిని తొలగిస్తే దాని ఇరుగుపొరుగంతా ఒకరికొకరు చుట్టాలైపోతారు, అంటే ఖాళీ గడుల్లో కొత్త అంకెలు పుడతాయి. అందుకని చుట్టాలు తక్కువున్న బస్‌ను ముందు తొలగించాలి. పదో తరగతిలో మనం మూడు సమీకరణాలు విప్పేటప్పుడు లెక్కల సారు "ముందు తేలికైనదాన్ని పట్టుకోండ్రా" అనేవారు గుర్తుందా? ఆ మాటే ఇది, మూడు బదులు పదివేల సమీకరణాలు.

లెక్క కంప్యూటర్ చూసుకుంటుంది. వివరాలు ఫైల్లో ఎలా రాయాలి? ఒక ఊరి సంస్థ రాసిన ఫైలు ఇంకో ఊరి సంస్థ చదవగలగాలి కదా. అందుకోసం 1973లో ఐఈఈఈ పత్రికలో ఒక ఉమ్మడి పద్ధతి ప్రచురించారు. పలచని పట్టికను పట్టికగా రాయరు. బస్‌లు ఒక జాబితా, లైన్లు ఇంకో జాబితా. లైన్ ఉంటే ఒక వరుస ఉంటుంది, లేకపోతే వరుసే ఉండదు. సున్నా రాయడమనే పనే లేదు. ఇది తెలివైన పని.

కార్డుల కాలం నాటి అలవాటుతో ప్రతి వరుసనూ కార్డు అన్నారు. ధర్మవరం మగ్గాల మీద జాకార్డు అట్టలు చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. అట్టలో బెజ్జం ఉంటే పడుగు లేస్తుంది, లేకపోతే లేవదు. బెజ్జం ఎక్కడుంది అన్నదే మాట. ఈ ఫైల్లోనూ అంతే. ఫలానా అంకె ఫలానా స్థానంలోనే ఉండాలి. మొదటి నాలుగు స్థానాలు బస్ నంబరుకు. 28 నుంచి 33 దాకా వోల్టేజీ. ఒక్క స్థానం జరిగితే లెక్క మారిపోతుంది. జాబితా అయిపోయిందని చెప్పడానికి మైనస్ 999 అని రాస్తారు.

ఈ పద్ధతిలో మన సీమకు ఇరుకైనవి కొన్ని ఉన్నాయి. బస్ నంబరుకు నాలుగే స్థానాలు, కాబట్టి 9,999 దాటడానికి లేదు. పేరుకు ఇచ్చిన జాగాలో పన్నెండు ఇంగ్లిషు అక్షరాలకు మించి పట్టవు. ఉరవకొండ పడుతుంది, పది అక్షరాలే. హిందూపురం పడుతుంది. జమ్మలమడుగు పదమూడు అక్షరాలు, పట్టదు. సోలార్ పార్కు ఉన్న నంబులపూలకుంటకు పదహారు కావాలి. అది ఎన్.పి.కుంట ఎందుకైందని మీరు అడిగితే బస్సు బోర్డు ఒక కారణం కావచ్చు గానీ, మా ఫైళ్ళలో మాత్రం ఇంకో పేరుతో బతకలేదు.

ఇంకొకటి నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. మొదటి కార్డులో సంవత్సరం పక్కన రుతువుకు ఒక అక్షరం ఉంటుంది. ఎండాకాలానికి ఎస్, చలికాలానికి డబ్ల్యూ. అంతే, రెండే. మన గాలిమరలు ఒళ్ళు విరుచుకుని తిరిగేది ఆషాఢంలో, నైరుతి గాలుల్లో. ఆ కాలానికి అక్షరమే లేదు. చలిదేశంలో చలికాలపు హీటర్ల లోడు, ఎండకాలపు ఏసీల లోడు చూసి రాసిన పద్ధతి అది. గాలి ఎప్పుడు వీస్తుందో అడగాల్సిన అవసరం వాళ్ళకు అప్పట్లో రాలేదు.

అసలు ఇరుకు వేరే ఉంది. ఆ పద్ధతిలో ఉత్పత్తిని బస్ వరుసలోనే రాసేస్తారు. ఒక బస్, ఒక ఉత్పత్తి అంకె. బొగ్గు కేంద్రానికి సరిపోతుందేమో. ఒకే బస్ దగ్గరకు నాలుగు కంపెనీల గాలిమరలు చేరి, ఒక్కోదానికి ఒక్కో స్వభావం ఉంటే ఎక్కడ రాయాలి? రెండోది, లైన్ ఇప్పుడు పనిలో ఉందా, మరమ్మతుకు ఆపారా అని చెప్పే గడి లేదు. ఆపిన లైన్‌ను ఫైల్లోంచి కొట్టేయడమే దారి. కొట్టేశాక అక్కడ లైన్ ఉండేదన్న సంగతే ఫైలుకు తెలియదు.

తర్వాత వచ్చినవాళ్ళు ఈ గోడలు ఒక్కొక్కటీ జరిపారు. 1990ల్లో అమెరికా కార్నెల్ విశ్వవిద్యాలయంలో పుట్టిన మ్యాట్‌పవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఫైల్లో జనరేటర్లకు వేరే జాబితా ఉంది, ఒకే బస్ దగ్గర ఎన్నైనా రాసుకోవచ్చు. జనరేటర్‌కూ లైన్‌కూ పనిలో ఉందా లేదా అని చెప్పే గడి ఉంది. ఒకటి అంటే ఉంది, సున్నా అంటే లేదు. తర్వాత రెండో వెర్షన్‌లో ఇంకొన్ని కాలమ్‌లు చేర్చారు. ఇది ఏ వెర్షన్ ఫైలో ఫైల్లోనే రాసుకునే వీలూ పెట్టారు. ప్రపంచంలో వేలమంది పిల్లలు దీంతోనే నేర్చుకుంటున్నారు.

ఇప్పుడు నా ఫిర్యాదు దగ్గరకు వస్తాను. ఈ ఫైల్లో లైన్ల జాబితాలో ఒక్క వరుస తీసుకోండి. అందులో నాలుగు చోట్ల సున్నా ఉందనుకోండి. మొదటి సున్నా లైన్ నిరోధం గడిలో. దానర్థం సున్నాయే. రెండో సున్నా ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తి గడిలో. దానర్థం సున్నా కాదు, ఇది మామూలు లైన్, నిష్పత్తి ఒకటి అనుకో అని. మూడోది లైన్ మోయగల బరువు గడిలో. అక్కడ సున్నా అంటే ఏమీ మోయలేదని కాదు, ఎంతైనా మోస్తుంది, హద్దు లేదు అని! నాలుగోది పనిలో ఉందా అన్న గడిలో. అక్కడ సున్నా అంటే లైన్ చచ్చిపోయింది అని. ఒకే వరుస, ఒకే గుర్తు, నాలుగు అర్థాలు. ఇంకా ఉంది. రెండు చివర్ల వోల్టేజీ కోణాల తేడాకు కింద హద్దు, పైన హద్దు అని రెండు గడులు చేర్చారు. రెండింట్లోనూ సున్నా రాస్తే తేడా సున్నా ఉండాలని కాదు, హద్దు పెట్టలేదని అర్థం.

ఇవి తయారుచేసినవాళ్ళ తెలివితక్కువ కాదు. పాత ఫైళ్ళలో ఆ గడులు ఖాళీగానో సున్నాగానో ఉన్నాయి. వాటిని పారేయలేరు. వేలాది పాత ఫైళ్ళు రేపూ చదవబడాలి. అందుకని సున్నాకే కొత్త అర్థం ఇచ్చి నెట్టుకొచ్చారు. మన ఇళ్ళల్లో పాత ట్రంకుపెట్టెకు కొత్త తాళం వేసినట్టు.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఎక్కడ, ఎవరు అన్నది వదిలేయండి. ఒక సంస్థలో పాత పద్ధతి ఫైలును కొత్త పద్ధతిలోకి మార్చి దానికి కొత్త గాలిమరల లైన్లు కలిపారు. పాత ఫైల్లో పనిలో ఉందా అన్న గడి లేదు కదా. మార్చే ప్రోగ్రాం ఖాళీ గడులన్నిటినీ సున్నాతో నింపింది. అంతే, పాత లైన్లన్నీ ఒక్క దెబ్బకు చచ్చాయి. కొత్త గాలిమరల లైన్లు మాత్రం బతికి, ఎక్కడా తగలకుండా ఆకాశంలో వేలాడాయి. జవాబు రాలేదు. అందరూ రెండు రోజులు గాలిమరల వివరాల్లో తప్పు వెతికారు, ఎందుకంటే కొత్తగా వచ్చినవి అవే. కొత్త కోడలి మీదికే మాట వచ్చినట్టు.

అయితే ఖాళీ ఉంటే ఒకటి అనుకుంటే సరిపోతుంది కదా అంటారు. నేనూ చాలాకాలం అదే అనుకున్నవాళ్ళ మధ్య పనిచేశాను. దానికి జవాబు 2003 ఆగస్టు 14.

ఆ రోజు అమెరికా ఈశాన్యంలో, కెనడా ఒంటారియోలో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది, 61,800 మెగావాట్లు. రెండు దేశాలు కలిసి వేసిన విచారణ సంఘం 2004లో నివేదిక ఇచ్చింది. చెట్లు తగలడం, ఒక కంపెనీ కంట్రోల్ రూంలో అలారం మూగబోవడం అందులో ముఖ్యమైన కారణాలు. నా విషయానికి తగిలేది ఇంకొకటి. ఆ ప్రాంతాన్ని పైనుంచి చూసే మిడ్‌వెస్ట్ ఐఎస్ఓ అనే సంస్థ దగ్గర, వల ఇప్పుడు ఎలా ఉందో కొన్ని నిమిషాలకు ఒకసారి లెక్కగట్టే ప్రోగ్రాం ఉంది. మధ్యాహ్నం ఒక 230 కేవీ లైన్ పోయింది. దాని స్థితి ఆ ప్రోగ్రాంకు కలపలేదు. కాబట్టి ప్రోగ్రాం లెక్కలో ఆ లైన్ నిక్షేపంగా పనిలోనే ఉంది. కొలతలు ఒకటి చెబుతున్నాయి, లెక్క ఇంకొకటి చెబుతోంది, పొంతన కుదరలేదు. విశ్లేషకుడు చేత్తో సరిచేశాడు. సరిచేసే హడావిడిలో ఆపిన ఆటోమేటిక్ మీటను తిరిగి వేయడం మరిచి భోజనానికి వెళ్ళాడు. అది తెలిసి మళ్ళీ నడిపేసరికి స్టూవర్ట్-అట్లాంటా అనే ఇంకో లైన్ 2 గంటల 2 నిమిషాలకే పోయి ఉంది. దాని స్థితీ కలపలేదు. మళ్ళీ పొంతన లేదు. అంతా సరయ్యేసరికి సాయంత్రం 4 గంటల 4 నిమిషాలు. దాదాపు రెండు నిమిషాల తర్వాత వల వరసగా కూలడం మొదలైంది.

చూశారా. మొదటి కథలో ఖాళీని సున్నా అనుకుని బతికినవాటిని చంపారు. రెండో కథలో తెలియనిదాన్ని ఒకటి అనుకుని చచ్చినవాటిని బతికించారు. కాబట్టి గొడవ సున్నాదీ కాదు, ఒకటిదీ కాదు. లేదు అన్నది ఒక మాట, తెలియదు అన్నది ఇంకో మాట. మన వానల రిజిస్టరులో ఈ తేడా ఎంత ముఖ్యమో ఈ సభలో రైతుబిడ్డలకు చెప్పాలా? ఒక తేదీ ఎదురుగా సున్నా మిల్లీమీటర్లు అని రాస్తే ఆ రోజు వాన పడలేదు. గడి ఖాళీగా ఉంటే ఆ రోజు కొలిచే మనిషి రాలేదో, పాత్ర పగిలిందో. రెండూ ఒకటే అని ఎవడైనా కలిపేస్తే, ఎన్నాళ్ళు వరసగా వాన లేదన్న లెక్క తప్పుతుంది. బీమా లెక్క తప్పుతుంది.

మన దగ్గర 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్‌లు కూలినప్పుడు మనకు దీపాలు ఆరలేదు. దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతావాటితో ఒకే తాళంలో నడిచేది కాదు. ఆ విచారణలో కూడా, అప్పటికే ఎన్నో లైన్లు ఆపి ఉండడం వల్ల ప్రాంతాల మధ్య దారులు బలహీనంగా ఉన్నాయన్నది మొదట చెప్పిన కారణాల్లో ఒకటి. 2013 డిసెంబరు 31న రాయచూరు-సోలాపూర్ 765 కేవీ లైన్‌తో మనమూ అదే తాళంలోకి వెళ్ళాం. రాయచూరు మనకు పక్కూరే. ఇప్పుడు ఉరవకొండ ఆషాఢ గాలి లెక్క ఢిల్లీ లెక్కలో కూడా పడుతుంది.

మీ పిల్లల్లో చాలామంది బెంగళూరులో చిప్పుల కంపెనీల్లో ఉన్నారు. వాళ్ళకు ఇదే కథ ఇంకో వేషంలో తెలుసు. వాళ్ళ సర్క్యూట్లు అరచేతిలో పడతాయి గానీ, కంపనాలు సెకనుకు వందల కోట్లు. ఒక బోర్డులోకి సంకేతం ఒక ద్వారంలో పంపితే మిగతా ద్వారాల్లో ఎంత బయటికొస్తుందో చెప్పే అంకెలను ఎస్-పారామీటర్లు అంటారు. వాటిని రాసే ఫైలు పేరు టచ్‌స్టోన్. 1984లో ఈసాఫ్ అనే అమెరికన్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో పుట్టి, అందరూ వాడేసరికి ప్రపంచ భాషైంది. దాని చాదస్తాలు వినండి. ఎన్ని ద్వారాలో ఫైల్లో రాసేవారు కాదు, ఫైలు పేరు తోకను బట్టి ఊహించుకోవాలి. పేరు మారిస్తే గోవిందా. రెండు ద్వారాల ఫైల్లో అంకెల వరస ఒక రకం, రెండు దాటితే ఇంకో రకం.

2009లో ఆమోదించిన రెండో వెర్షన్‌లో ఇవి నోరు విప్పి చెప్పించారు. ఎన్ని ద్వారాలు, రెండు ద్వారాలైతే వరస ఏది, ఒక్కో ద్వారం దేనితో పోల్చి కొలిచారు అని మాటల్లో రాయాలి. ఇంకో మంచి పని చేశారు. చాలా బోర్డుల్లో ఒకటి నుంచి రెండుకు పోయేదీ, రెండు నుంచి ఒకటికి పోయేదీ సమానం. అలాంటప్పుడు పట్టికలో సగమే రాస్తే చాలు, కింది సగమా పై సగమా చెప్పండి అన్నారు. వంద ద్వారాల బోర్డుకు ప్రతి కంపనం దగ్గరా 10,000 గడుల బదులు 5,050. అలా వెయ్యి కంపనాలు ఉంటాయి, కాబట్టి ఇది చిన్న పొదుపు కాదు. రాయని సగం అర్థం ఏమిటో ఫైలే చెబుతోంది చూడండి. అక్కడ ఖాళీ అంటే సున్నా కాదు, ఎదుటి గడి ఎంతో అంతే.

ఇంకా పలచన చేద్దాం అన్నదే ఇక్కడ ఆశ. బోర్డు ఈ చివరి తీగకు ఆ చివరి తీగతో సంబంధం నామమాత్రం. ఆ గడులు వదిలేస్తే ఫైలు బక్కచిక్కుతుంది. కానీ మా గ్రిడ్ పట్టికలో సున్నా నిజమైన సున్నా; లైన్ లేదు. ఇక్కడ సున్నా నిజమైన సున్నా కాదు, చిన్నది, అంతే. ఎంత చిన్నదాన్ని వదిలేశామో ఫైల్లో రాయకుండా వదిలేస్తే, చదివేవాడు కొలిచి చూసి సున్నా వచ్చిందనుకుంటాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. సొంత శక్తి లేని బోర్డు లోపలికి వెళ్ళినదానికంటే ఎక్కువ బయటికివ్వకూడదు. గడులు అడ్డదిడ్డంగా కొట్టేస్తే, కాగితం మీద ఆ నియమం చెడే ప్రమాదం ఉంది. అప్పుడు లేని శక్తి లెక్కలో పుట్టుకొస్తుంది. మా రంగంలో అప్పు లేకుండా వడ్డీ వచ్చేది ఇక్కడే.

కాబట్టి పద్ధతిని విస్తరించే చర్చ వచ్చిన ప్రతిసారీ నేను వాదించేది ఇది. కొత్త కాలమ్ చేర్చడం తేలిక, దాన్ని రాయనప్పుడు ఏమనుకోవాలో చెప్పడం కష్టం. ఆ కష్టం ముందే పడాలి. ప్రతి కాలమ్‌కూ ఖాళీ అంటే ఏమిటో ఫైలు తలమీదే రాయాలి. లోడు గడి ఖాళీ అయితే సున్నా, నిష్పత్తి ఖాళీ అయితే ఒకటి, మోయగల బరువు ఖాళీ అయితే తెలియదు. తెలియదు అన్నదానికి అంకెల్లో లేని వేరే గుర్తు ఉండాలి. మైనస్ 999 లాంటి వేషాలు వద్దు, ఏదో ఒక రోజు అది నిజమైన కొలతగా వచ్చి కూర్చుంటుంది. లైన్ స్థితికి మూడు జవాబులుండాలి, ఉంది, లేదు, తెలియదు. మూడోది వచ్చినప్పుడు ప్రోగ్రాం తనకు తాను నిర్ణయించకుండా మనిషిని అడగాలి. పాత ప్రోగ్రాంకు తెలియని కొత్త కాలమ్ కనపడితే దాన్ని పారేయకుండా, ముట్టుకోకుండా, ఎలా వచ్చిందో అలా తిరిగి రాయాలి. ఈ చివరిదానికి ఒప్పుకునేవాళ్ళు తక్కువ. ఫైలు లావవుతుందంటారు. కావచ్చు. ఒక కాలమ్ లావుకూ ఒక సాయంత్రం చీకటికీ ధర కట్టమంటే నేను కాలమ్ వైపే ఉంటాను.

దీనికి ఎదురు వాదం కూడా న్యాయంగా చెప్పాలి. ప్రతిచోటా తెలియదు అని రాయనిస్తే, బద్ధకస్తుడు ఫైలంతా తెలియదు అనే నింపేస్తాడు. లెక్క ముందుకే పోదు. ఈ మాట మా ఆఫీసులో ఒక అనుభవజ్ఞుడు అన్నాడు, నిజమే. అప్పుడు కూడా నాకు ఇష్టం తెలియదు అని ఒప్పుకునే ఫైలే. కనీసం ఎవర్ని అడగాలో తెలుస్తుంది.

మన భౌతికశాస్త్రం ల్యాబుకు నేను ఇందాక చెప్పిన 14 బస్‌ల ఫైలు అచ్చు కాపీలు నలభై తెచ్చాను. పాత కార్డు పద్ధతిది ఒకటి, కొత్త పద్ధతిది ఒకటి, పక్కపక్కన. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు చాలు. గుణకారాలు వస్తే 196 గడుల పట్టిక వాళ్ళే గీసి 54 గడులు నింపగలరు. తర్వాత రెండో కాగితంలో సున్నాలన్నిటికీ చుట్టూ గీత గీసి, ఏ సున్నా ఏ అర్థంతో ఉందో పక్కన రాయమనండి. ఉరవకొండ చుట్టూ ఉన్న లైన్ల వల కూడా ఒక అట్ట మీద గీయిస్తే బాగుంటుంది, ఏ లైన్ ఎటు పోతుందో కొండెక్కి చూసి గీయొచ్చు. సబ్‌స్టేషన్ కంచె దగ్గరికి మాత్రం పిల్లల్ని పంపొద్దు, సార్.

ప్రశ్నలేమైనా ఉంటే భోజనాల దగ్గర అడగండి. ఇక్కడే అడిగితే ముందు వరుసలో కూర్చున్న లెక్కల సారు నన్ను బోర్డు దగ్గరకు పిలుస్తారు.